‘ఆఁ’ కిష్టప్ప స్టేషన్ మాస్టరైన కథ

తాండూరు బస్టాండులో దిగి కిష్టప్ప ఇల్లెక్కడ అని అడిగితే, ఏ కిష్టప్ప అని తిరిగి అడుగుతారు. ‘ఆఁ’ కిష్టప్ప అంటే మాత్రం చేతిలో పని పక్కన పెట్టి గుమ్మం దాకా దిగబెట్టి వస్తారు. ఆ పేరెందుకు వచ్చిందో కూడా దారిలో చెబుతారు. కిష్టప్పకు నచ్చనిది ఆ చెప్పడమే.

ఆయనది పెద్దేముల్ అవతల గొర్రెలు కాచుకునే ఇల్లు. మందతో పాటు తాతల నాటి ఒగ్గు కథ కూడా ఆయనకు వచ్చింది. ఒగ్గు కథలో కథ చెప్పేవాడు ఒకడుంటాడు, డోళ్లు వాయించేవాళ్లుంటారు, పక్కన నిలబడి తాళం వేస్తూ వంత పలికేవాడు ఒకడుంటాడు. కథ చెప్పడం బిచ్చయ్య వంతు. వంత పలకడం కిష్టప్ప వంతు. ‘మల్లన్న దేవుడు గుర్రమెక్కిండు’ అని బిచ్చయ్య ఆగితే కిష్టప్ప ‘ఆఁ’ అనాలి. వినేవాళ్లకు ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది. కానీ ఆ ఒక్క అక్షరాన్ని ఆయన పదిహేను రకాలుగా పలికేవాడు. నమ్మలేనట్టు ఒకటి, గుండె ఝల్లుమన్నట్టు ఒకటి, నాకు ముందే తెలుసులే అన్నట్టు ఒకటి, సాగదీస్తున్నావు జర తొందరగా కానియ్ అన్నట్టు మరొకటి. మంచి వంతగాడు దొరికితే రెండు గంటల కథ నాలుగు గంటలవుతుందని మేళాల్లో మాట. కిష్టప్ప పక్కనుంటే బిచ్చయ్య తెల్లారేదాకా చెప్పేవాడు.

ఇరవై రెండేళ్ల కింద మర్పల్లి దగ్గర ఒక ఊళ్లో మల్లన్న కొలుపుకు నేల మీద రంగుల ముగ్గు పరిచి పట్నం వేశారు. ఆ పూట బిచ్చయ్య వేడివేడి మిరపకాయ బజ్జీల మీద ఐసు సోడా తాగి గొంతు పోగొట్టుకున్నాడు. ‘కథ మొత్తం నీకు నోటికొచ్చు గదరా, నువ్వు నడిపియ్యి’ అని సైగ చేశాడు. నిజమే, బిచ్చయ్య మరిచిపోయిన ముక్కలు కూడా కిష్టప్పకు వచ్చు. ముందుకొచ్చి నిలబడ్డాడు. డోళ్లు ఆగాయి. మూడు వందల మంది చూస్తున్నారు. నోరు తెరిచాడు. ‘ఆఁ’ అన్నాడు.

అంతే. ఎవరో ఒక మాట అంటే తప్ప తర్వాతి మాట రాదు. ఆ అనేవాడు సోడా తాగి పక్కన కూర్చున్నాడు. కిష్టప్ప గొంతు సవరించుకుని మళ్లీ ‘ఆఁ’ అన్నాడు. ముందు వరసలో పిల్లలు ‘ఆఁ’ అన్నారు. వెనక నుంచి ఆడవాళ్లు అన్నారు. ఆఖరికి ఊరంతా ‘ఆఁ’ అంది. తిరుగు దారిలో బిచ్చయ్య గొంతు లేకపోయినా గుసగుసగానే ఆ పేరు పెట్టాడు. గొంతు ఉన్నవాళ్లు దాన్ని తాండూరు దాకా మోశారు.

తర్వాత మేళం చెదిరింది. గొర్రెలు పదకొండు మిగిలాయి. కిష్టప్ప తాండూరులో ఒక నాపరాయి పాలిషింగ్ యూనిట్లో పగటి కాపలాకు కుదిరాడు. అక్కడ మిషన్ల రొదలో మాటతో పని లేదు. లారీ డ్రైవర్ కిటికీలోంచి ‘పోతున్న కాకా’ అంటాడు. ఈయన ‘ఆఁ’ అంటాడు. గేటు మూస్తాడు. బతుకు బాగానే గడుస్తోంది అనుకుంటుండగా బిడ్డ ఫోన్ చేసింది.

అంబిక ఆయన ఒక్కగానొక్క కూతురు. వికారాబాద్‌లో జూనియర్ కాలేజీలో జీవశాస్త్రం చెబుతుంది. ఆమెకు రెండున్నరేళ్ల పాప, పేరు సహస్ర. ఆ పాపకు తుమ్ము వస్తే అంబిక ఏ పూట, ఎన్నోసారి, దుమ్ము వల్లా జలుబు వల్లా అని నోటుబుక్కులో రాసుకుంటుంది. అలాంటి మనిషికి నాటకాల పిచ్చి ఎలా పట్టిందో తెలియదుగానీ, జిల్లా నాటక పోటీలకు తమ కాలేజీ తరఫున ఒక నాటిక తయారు చేస్తోంది. ముఖ్యవేషం వేయాల్సిన లెక్కల సారు పోటీకి మూడు వారాల ముందు పరిగిలో ఇంకో కాలేజీకి మారిపోయాడు.

“నాయినా, నాటకంల వేషం వేస్తవా?”

కిష్టప్ప ఫోన్ ఇంకో చెవికి మార్చాడు. “మాటలుంటయా?” అని అడిగాడు.

“అన్నీ నీ మాటలే. నువ్వే పెద్ద వేషం.”

“బిచ్చయ్య వస్తడా చూడనీకె?”

“పిలుస్తే వస్తడు. ఎందుకు?”

“పిలువు మరి,” అన్నాడు కిష్టప్ప.

ఫోన్ పెట్టాక రుక్కమ్మ జొన్న రొట్టె తడుతూ మొగుడి వైపు చూసింది. “గా మర్పల్లి చాలలేదా నీకు? ఇప్పుడు జిల్లా మొత్తం పిలిచి ‘ఆఁ’ అంటవా?”

“ఒక్కసారే. బిచ్చిగాడు చూస్తుండంగ, మొదలుకెల్లి ఆఖరు దాక నా మాట నేనే మొదలువెడత. గంతే.”

“మొదలుపెట్టకపోతే?”

మొదలుపెట్టలేకపోతే ఆ పేరు తన గోరీ మీద కూడా రాస్తారని కిష్టప్పకు తెలుసు.

ఆదివారం వికారాబాద్‌లో కాలేజీ ల్యాబులో రిహార్సలు. మూలన ఎముకల గూడు వేలాడుతోంది. సహస్ర దాని వేళ్లు పట్టుకుని ఊపుతోంటే అంబిక అరగంటకోసారి పాప చేతులు కడుగుతోంది. ఆ మధ్యలోనే తండ్రికి కథ చెప్పింది. అది రష్యా దేశపు పాత కథ. పాత పుస్తకాల బండి మీద దొరికిన తెలుగు అనువాదంలో చదివింది. పుస్తకం మొదటి పేజీలు చినిగిపోయాయి, రాసినాయన పేరు తెలియదు.

“మంచు దేశంల ఒక చిన్న స్టేషన్. అండ్ల ముప్పై ఏండ్లకెల్లి ఒకడే స్టేషన్ మాస్టరు.”

“ఆఁ,” అన్నాడు కిష్టప్ప.

“ఏ పెద్ద బండీ అక్కడ ఆగది.”

“ఆఁ!”

“ఒకరోజు తంతి వస్తది. పెద్ద ఆఫీసరు ఒకాయన రేపు మీ స్టేషన్ మీదికెల్లి పోతుండు, దిగి చాయ తాగితే తాగవచ్చు అని.”

“ఆఁ...”

కథ ఇది: ఆ స్టేషన్ మాస్టరు చాయ కాచే ఇత్తడి బాయిలరు తోమిస్తాడు. పక్కింటాయన ఉన్ని కోటు అడిగి తెచ్చుకుంటాడు. పెళ్లాం తెల్లవారుజాము నుంచి పిండివంటలు చేస్తుంది. ఊరంతా వచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబడుతుంది. బండి వస్తుంది. ఆగకుండా వెళ్లిపోతుంది. ఇంటికెళ్లాక పెళ్లాం ‘ఏమైంది’ అంటుంది. ఆయన ‘నన్ను చూశాడు, చూసి చెయ్యెత్తాడు’ అంటాడు. అబద్ధమని ఆమెకు తెలుసు. మాట్లాడకుండా చాయ పోస్తుంది.

పది నిమిషాల కథ. తండ్రి ముందు చెబుతుంటే అంబికకు ముప్పావు గంట పట్టింది. పుస్తకంలో లేని కుక్కపిల్ల ఒకటి కథలోకి వచ్చి చేరింది. ఎందుకు చేరిందో ఆమెకే తెలియలేదు.

“గాయన పాపం,” అన్నాడు కిష్టప్ప కళ్లు తుడుచుకుంటూ. “పేరేంది?”

అంబిక పుస్తకం చూసి చదివింది. వికారాబాద్‌లో రైలెక్కి మొదలుపెడితే ధారూరు స్టేషన్ దాటాక గాని పూర్తి కాని పేరది.

“గంత పేరైతే నోరు తిరగదు బిడ్డా.”

“నాటకంల ఆయన పేరు దేవప్ప. తాండూరు దిక్కు మనిషి. తంతి కాదు, వాట్సాప్ మెసేజ్. ఉన్ని కోటు కాదు, గొంగడి. నీ గొంగడే తీసుకరా.”

“మరి మంచు?”

ఈ మంచు దగ్గరే నాలుగు రోజులు ఆగిపోయారట. తాండూరుకు మంచు ఎక్కడిది? కిష్టప్ప వెంటనే చెప్పాడు: మా దగ్గర పడేది నాపరాయి పొడి. చెట్ల మీద, కప్పుల మీద, లారీల మీద, మనుషుల కనుబొమల మీద తెల్లగా పేరుకుని ఉంటుంది. అంబిక ఎగిరి గంతేసింది. రెండు నిమిషాల తర్వాత కూర్చుని, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ఏమవుతుందో సహస్ర వైపు చూస్తూ అందరికీ వివరించింది. నిజమైన పొడి వద్దు, జొన్నపిండి జల్లించాలని తీర్మానమైంది. రష్యా మంచు అలా తాండూరు జొన్నపిండి అయింది. మొదటి రిహార్సల్‌లోనే సహస్ర దాన్ని రెండు గుప్పిళ్లు తింది. అంబిక నోటుబుక్కు తీసింది.

అసలు చిక్కు మాటల దగ్గర మొదలైంది. దేవప్ప పెళ్లాం వేషం హిందీ మేడమ్ పద్మారాణిది. వయసులో అంబిక కంటే నాలుగేళ్లు పెద్ద. కిష్టప్పను ‘ఏమయ్యా’ అనడానికి ఆమెకు మొహమాటం.

“ఏమయ్యా... కాకా,” అంది మొదటి రోజు. “ఇంత పొద్దుగాల లేచినవేంది?”

‘ఇయ్యాల పెద్దసారు వస్తుండు’ అనాలి కిష్టప్ప. నోరు తెరిచాడు.

“ఆఁ.”

“నాయినా, మాట.”

“వస్తది. ఇంకోసారి అనమను.”

పద్మారాణి ఇంకోసారి అంది. ఆయన ఈసారి ఇంకా అద్భుతంగా ‘ఆఁ’ అన్నాడు. ఆ ధాటికి ఆమె తన తర్వాతి మాట, దాని తర్వాతి మాట, చివరికి దేవప్ప మాటలు కూడా తానే చెప్పేసి, నాటకం మూడో రంగంలో తేలింది. అంబిక బోర్డు మీద గీతలు గీసింది. మొదటి రోజు అరవై ఒక్క ‘ఆఁ’లు. రెండో ఆదివారం యాభై తొమ్మిది. ఈ లెక్కన తగ్గుతూ పోతే నాటకానికి అర్హుడయ్యేసరికి ఇంకో ఏడు నెలలు కావాలని కాగితం మీద గ్రాఫు గీసి చూపించింది.

“ఇంట్ల ఒక్కనివే ప్రాక్టీస్ చెయ్యి నాయినా. ఎదురుగ ఎవ్వరు లేకపోతే ‘ఆఁ’ అనే అవసరమే రాదు గదా.”

కిష్టప్ప పదకొండు గొర్రెల ముందు నిలబడి ప్రాక్టీస్ చేశాడు. ఒకటి ‘మే’ అంది. ఆయన ‘ఆఁ’ అన్నాడు. వాకిట్లో రుక్కమ్మ కూర్చుని నవ్వి నవ్వి, ఆఖరికి నవ్వు ఆపుకుంది. మొగుడు అరుగు మీద తలపట్టుకుని కూర్చున్నాడు.

“ఓ అంబిక నాయినా,” అంది పక్కన కూర్చుని. “ముప్పై ఏండ్ల ‘ఆఁ’ మూడు వారాలకు పోతదా? పొమ్మంటే పోదు. దాన్ని మింగు.”

“మింగుడేంది?”

“అత్త తిట్టినప్పుడల్ల నేను మింగలేదా? వచ్చిన మాట లోపటికి మింగిన. వేరే మాట బయటికి తీసిన. పదిహేనేండ్లు నడిచింది గట్లనే సంసారం. ‘ఆఁ’ వస్తది, రానియ్యి. గొంతు దాక వచ్చినంక మింగు. ఎన్క నీ మాట చెప్పు.”

మూడో ఆదివారం పద్మారాణి ‘ఏమయ్యా, ఇంత పొద్దుగాల లేచినవేంది’ అంది. కిష్టప్ప గొంతులో ఏదో పైకి లేచింది. గడగడా కిందికి దిగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు మెల్లగా, “ఇయ్యాల పెద్దసారు వస్తుండు,” అన్నాడు.

“కాకా,” అంది పద్మారాణి, “ఆ మాట చెప్పే ముందర ఎంత బాధ చూపించిన్రు.”

“బాధ కాదమ్మా, మింగుతున్న,” అన్నాడు కిష్టప్ప.

ఆ రోజు లెక్క మూడు ‘ఆఁ’లు. అంబిక గ్రాఫు చించేసింది.

తాండూరు నుంచి వికారాబాద్‌కు ఆయన వచ్చే బండి మధ్యలో ఒక చిన్న స్టేషన్‌లో ఆగదు. ఎప్పుడూ పట్టించుకోని కిష్టప్ప ఆ మూడు వారాలూ కిటికీ దగ్గర కూర్చుని చూశాడు. పచ్చజెండా పట్టుకుని ఒకాయన నిటారుగా నిలబడి ఉంటాడు. బండి వైపే చూస్తాడుగాని బండిలో ఉన్న ఎవరినీ చూడడు. జెండా పట్టడం ఎలాగో, మెడ ఎంత తిప్పాలో కిష్టప్ప ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. ఆయనకు మాత్రం ఆ సంగతి తెలియదు.

పోటీ రోజు వచ్చింది. వికారాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలు. ప్రారంభించాల్సిన ముఖ్య అతిథి పదకొండింటికి రావాలి. ఒంటిగంట దాకా చూసి, వచ్చినప్పుడే ప్రారంభిద్దాంలే అని నిర్వాహకుడు పరమేశ్ పోటీలు నడిపించేశాడు. ప్రతి నాటికకూ నలభై నిమిషాలు. దాటితే బహుమతి లేదు. హైదరాబాద్ నుంచి వచ్చిన న్యాయనిర్ణేత ముందు గడియారం పెట్టుకుని కూర్చున్నాడు.

కిష్టప్ప వాళ్ల వంతు నాలుగింటికి వచ్చింది. తెర సందులోంచి చూశాడు. మూడో వరసలో రుక్కమ్మ. ఆమె పక్కన తెల్ల తలపాగాతో బిచ్చయ్య, ఒళ్లో పల్లీల పొట్లం. వేషాలు వేసుకునే గదిలోకి ముందే వచ్చి పలకరించి పోయాడు.

“ఏమ్రా కిష్టిగా, అయిపోయినంక చప్పట్లు కొట్టాల్నా, లేకుంటే నేను గూడ ‘ఆఁ’ అంటే సరిపోతదా?” అన్నాడు. కిష్టప్పకు గొంతు దాకా వచ్చింది. మింగాడు. బదులు మాట మాత్రం దొరకలేదు.

తెర లేచింది. పైనుంచి ఇద్దరు విద్యార్థినులు జల్లెడలతో జొన్నపిండి రాల్చారు. తెల్లని పొడిలో గొంగడి కప్పుకుని దేవప్ప నిలబడ్డాడు. ఎదురుగా చీకట్లో మూడు వందల తలలు. మర్పల్లిలో కూడా సరిగ్గా అంతే ఉండె అని ఆయనకు ఆ క్షణంలో గుర్తుకు రావాలా? వచ్చింది. మొదటి మాట ఆయనదే. పద్మారాణి ఇంకా వేదిక మీదికి రాలేదు. అందించేవాళ్లు లేరు.

కిష్టప్ప మింగాడు. జనం ఎదురుచూశారు. ఆయన మళ్లీ మింగాడు. పక్కన తెర చాటున అంబిక ఒక చేతిలో రైలు మోత ఉన్న ఫోను, ఇంకో చేతిలో సహస్ర చంకలో పెట్టిన థర్మామీటరు పట్టుకుని నిలబడింది.

“ముప్పై ఏండ్లాయె,” అన్నాడు కిష్టప్ప. “గీ స్టేషన్ల ఒక్క పెద్ద బండీ ఆగలే.”

అన్నాక ఒక్క క్షణం తనే ఆశ్చర్యపోయాడు. అటు తర్వాత ఏ ఇబ్బందీ లేదు. మెసేజ్ వచ్చింది, బాయిలరు వచ్చింది, పద్మారాణి ‘కాకా’ అనకుండా ‘ఏమయ్యా’ అంది. జనం నవ్వాల్సిన చోట నవ్వారు. ఇరవై ఆరో నిమిషంలో దేవప్ప పచ్చజెండా పట్టుకుని ప్లాట్‌ఫారం అంచుకు వచ్చాడు. పెద్దసారు బండి వచ్చే వేళ. అంబిక రైలు మోత నొక్కబోయింది.

అప్పుడు హాల్లో లైట్లన్నీ వెలిగాయి.

“గౌరవనీయులైన మన ముఖ్య అతిథి గారు విచ్చేశారు,” అని మైకులో పరమేశ్ గొంతు మోగింది. “కళాకారులు రెండు నిమిషాలు ఆగాలని కోరుతున్నాం.”

ముఖ్య అతిథి వచ్చాడంటే వేదికెక్కాలి, వేదికెక్కాడంటే శాలువా కప్పాలి. నాటకం నడుస్తోందనీ, ఆ నాటకంలో పెద్దసారు రాడనీ, రాకపోవడమే కథ అనీ వేదిక కింద ఎవరికి చెప్పేది? తెల్ల చొక్కా ఆయన, వెనక ఎనిమిది మంది, ఫొటోలవాడు ఒకడు జొన్నపిండిలో అడుగులు వేసుకుంటూ తాండూరు అవతలి చిన్న స్టేషన్ ప్లాట్‌ఫారం ఎక్కేశారు. పరమేశ్ అతిథికి శాలువా కప్పాడు. వేదిక మీద ఉన్న కళాకారుణ్ణి వదిలేస్తే బాగుండదని అతిథి చేతికి ఇంకో శాలువా అందించాడు. అతిథి చెవికి ఫోను ఆనించుకునే, ఫొటోలవాడి వైపు నవ్వుతూ, కిష్టప్ప గొంగడి మీద ఆ శాలువా కప్పాడు. తర్వాత మైకు తీసుకున్నాడు.

“రెండే మాటలు చెబుతాను. మన వికారాబాద్ జిల్లా కళలకు పుట్టినిల్లు.”

“ఆఁ,” అన్నాడు కిష్టప్ప.

అనాలని అనలేదు. మైకు పట్టుకున్న మనిషి పక్కన తాను నిలబడి ఉన్నాడు. ఆ మనిషి ఒక మాట అని ఆగాడు. ముప్పై ఏళ్ల అలవాటు మింగే లోపే బయటపడింది.

అతిథి పక్కకు చూడలేదుగానీ గొంతు పెంచాడు. “నేను చిన్నప్పుడు ఒక నాటకంలో వేషం కట్టాను!”

“ఆఁ!”

“ఏం వేషమో తెలుసా?”

“ఏం వేషం!”

అతిథి రెండు మాటల మనిషే. ఆ రోజు ఆయనకు ఇంకో రెండు చోట్ల ప్రారంభోత్సవాలు ఉన్నాయి. కానీ ఇలాంటి వంత ఆయనకు జన్మలో దొరకలేదు. చిన్నప్పటి వేషం చెప్పాడు, బడిలో సారు కొట్టిన దెబ్బలు చెప్పాడు, కొత్త రోడ్డు చెప్పాడు. ప్రతి ‘ఆఁ’కూ ఒక కొత్త కొమ్మ. మూడో వరసలో బిచ్చయ్య పల్లీలు కింద పడిపోయేంతగా నవ్వుతున్నాడు. “ఆఁ కిష్టప్ప దొరికించుకుండు సారును,” అంటున్నాడు పక్కవాళ్లతో. జనం కూడా నవ్వడం మొదలుపెట్టారు. న్యాయనిర్ణేత గడియారం తిరుగుతూనే ఉంది.

కిష్టప్ప తెర చాటుకు చూశాడు. అంబిక అరచేత్తో గొంతు మీద నుంచి కిందికి, కిందికి రాస్తోంది. మింగు నాయినా. మింగు. ఆమె కళ్లు నిండిపోయి ఉన్నాయి. తొంభై తొమ్మిది పాయింట్ ఒకటి జ్వరం ఉన్న పిల్లను చంకలో వేసుకుని మూడు వారాల కష్టం కొట్టుకుపోవడం చూస్తోంది.

“ఇంతకంటే పెద్ద మాట ఒకటి చెప్పాలి మీకు,” అన్నాడు అతిథి, ఆగాడు.

కిష్టప్పకు గొంతులోకి వచ్చింది. అన్నిటికంటే మంచిది, బిచ్చయ్య తెల్లారుజామున కథ ముగింపుకు తెచ్చినప్పుడు మాత్రమే వాడే ‘ఆఁ’. దాన్ని పట్టుకున్నాడు. మింగాడు.

అతిథి ఎదురుచూశాడు. “అదేమిటంటే...” అన్నాడు. ఏమీ రాలేదు. మళ్లీ “అదేమిటంటే” అన్నాడు. చేయి పట్టి నడిపిస్తున్నవాడు సగం దారిలో వదిలేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది ఆయన ముఖం. కిష్టప్పకు ఆ ముఖం తెలుసు. ఇరవై రెండేళ్ల కింద మర్పల్లి దగ్గర తనదే. జాలేసింది. ఒక్క ‘ఆఁ’ పారేద్దామా అనిపించింది కూడా. పారేయలేదు.

“అందరికీ నమస్కారం,” అని అతిథి మైకు పరమేశ్‌కు ఇచ్చేశాడు. మళ్లీ ఫోను మోగింది. అది చెవికి పెట్టుకుని, తలుపు దగ్గర ఎవరికో చెయ్యి ఊపుతూ, ఎనిమిది మందితో సహా దిగి వెళ్లిపోయాడు. కిష్టప్ప వైపు ఒక్కసారీ చూడలేదు.

లైట్లు ఆరాయి. అంబిక రైలు మోత నొక్కింది. బయట అతిథి కార్ల హారన్లు, లోపల రైలు మోత కలిసిపోయాయి. గొంగడి మీద మెరుపు శాలువాతో దేవప్ప పచ్చజెండా ఎత్తి, అతిథి వెళ్లిన తలుపు వైపు మెడ తిప్పుతూ నిలబడ్డాడు. మోత దూరమైంది. నవ్వుతున్న జనం ఎప్పుడు నవ్వు ఆపారో తెలియదు.

పద్మారాణి చాయ కెటిలు, గ్లాసు పట్టుకుని వచ్చింది. “ఏమయ్యా, ఏమైంది? ఆగలేదా?”

ఆయన శాలువా అంచు పట్టుకుని చూశాడు. మింగాడు. ఈసారి మింగడానికి చాలాసేపు పట్టింది.

“సూసిండు,” అన్నాడు. “నన్ను సూసి చెయ్యెత్తిండు.”

అప్పుడు మూడో వరసలోంచి ఒక పాత గొంతు, ఎవరూ అడగకుండానే, పలికింది.

“ఆఁ.”

బిచ్చయ్య. ఎగతాళి లేదు అందులో. మల్లన్న గుర్రమెక్కినప్పుడు పలకాల్సిన ‘ఆఁ’.

నాటకంలో మాటలు అక్కడితో అయిపోయాయి. పద్మారాణి చాయ పోయాలి, తెర పడాలి. కానీ వంత వచ్చాక కథ ఆగుతుందా?

“ఆయనకు దిగాలనే ఉండె,” అన్నాడు కిష్టప్ప జనం వైపు తిరిగి. “బండి ఇనలే.”

“ఆఁ... ఇనలే,” అన్నాడు బిచ్చయ్య.

“మల్ల వచ్చేటప్పుడు దిగుతడు. చాయ చల్లారనియ్యద్దు.”

“ఆఁ!” ఈసారి హాలు మొత్తం అంది. పద్మారాణి ఏడుస్తూనే చాయ పోసింది. సగం గ్లాసులో, సగం శాలువా మీద.

బహుమతి రాలేదు. గడియారం ప్రకారం యాభై రెండు నిమిషాలు. న్యాయనిర్ణేత మాత్రం అంబికను పక్కకు పిలిచి మెచ్చుకున్నాడు. “నాటకం మధ్యలో ఆ నాయకుడి వేషాన్ని జనంలోంచి రప్పించడం కొత్తగా ఉందమ్మా. ఆయనెవరో సహజంగా చేశాడు. కాకపోతే ఆ పాత్రకు మాటలు కాస్త తగ్గించుకోవాల్సింది.” అంబిక సరేనంది. పాప జ్వరం చూసుకుంది. తొంభై ఎనిమిదిన్నర. అప్పుడు మొదటిసారి నవ్వింది. శాలువాను సహస్రకు కప్పబోయిన రుక్కమ్మ చేతిలోంచి తీసేసుకుంది. “గది పాలిస్టర్ అమ్మా, పిల్లకు ఒళ్లు దురదపెడతది.” ఆ శాలువా మర్నాటి నుంచి కిష్టప్ప కొట్టంలో ఈనబోయే గొర్రెకు పక్కబట్ట అయింది. దానికి దురద పెట్టలేదు.

సాయంత్రం బండికి భార్యాభర్తలు, బిచ్చయ్య ముగ్గురూ తాండూరు తిరుగు ప్రయాణమయ్యారు. రుక్కమ్మ పల్లీలు వలుస్తోంది. కిష్టప్ప నోరు మూయలేదు. అతిథి అడుగు పెట్టింది మొదలు చెబుతున్నాడు. జరిగినవీ చెప్పాడు, జరగనివీ కలిపాడు. హాల్లో ఎదురుగా కూర్చుని కళ్లార్పకుండా చూసిన బిచ్చయ్యే, చూడనట్టు, ప్రతి మాటకూ ‘ఆఁ’ అంటున్నాడు. మధ్యలో ఒకసారి “కష్టమేరా గీ పని, గొంతు ఎండుతది,” అన్నాడు.

“ఐసు సోడా తాగుతవా?” అన్నాడు కిష్టప్ప. బదులు మాట దొరకడం ఎలా ఉంటుందో ఆయనకు అరవయ్యో ఏట తెలిసింది.

బండి ఆగని చిన్న స్టేషన్ వచ్చింది. సందె వెలుతురులో పచ్చజెండాతో ఆయన నిటారుగా నిలబడి ఉన్నాడు. కిష్టప్ప మాట ఆపేసి, కిటికీ చువ్వలకు ముఖం ఆనించి, ఆయన ముఖంలోకే చూసి, చెయ్యి ఎత్తి ఊపాడు. జెండా ఒక్క క్షణం కదిలినట్టయింది. బండి దాటిపోయింది.

“ఎవర్రా? ఎరికేనా?” అన్నాడు బిచ్చయ్య.

“ఎరిక లేదు. గాయనకు ఇంటికి వోయినంక పెండ్లానికి చెప్పుకోనీకె ఒక మాట ఉంటది గదా,” అన్నాడు కిష్టప్ప.

“ఆఁ,” అంది రుక్కమ్మ, పల్లీలు చేతిలో పెడుతూ.